గడప బయటి షరతులు

నికాహ్ సభలో మహర్ ఎంతో అందరి ముందూ చదువుతారు. వకీలు వింటారు, సాక్షులు వింటారు, ఖాజీ సాహెబ్ తన పుస్తకంలో రాసుకుంటారు. ఖర్జూరాలు పంచుతారు. ఆ తర్వాత ఆ ఇంటి గడప లోపలికి వెళ్లి, ఆ మహర్ చెల్లిందా లేదా అని అడిగేవారు ఉండరు. అడగవలసిన హక్కు ఎవరికి ఉందో ఆమె అప్పటికే ఆ ఇంటి మనిషి అయిపోయి ఉంటుంది. ఆ ఇంట్లో ఉంటూ, ఆ ఇంటి అన్నం తింటూ, ఆ ఇంటి యజమానిని షరతు గురించి నిలదీయడం ఎంత కష్టమో చెప్పనవసరం లేదు. మన ఇళ్లలో మహర్ చెల్లని నికాహ్‌లు ఎన్ని ఉన్నాయో లెక్క తీస్తే మనమే తలదించుకోవలసి వస్తుంది. ఆ సంగతి ప్రస్తుతానికి అలా ఉంచుదాం.

రెండు ఇళ్లు కలిసేటప్పుడు ఉన్న ఈ చిక్కే రెండు ప్రాంతాలు కలిసేటప్పుడూ ఉంటుంది. దేశాలు ఒక కూటమిగా చేరేటప్పుడూ ఉంటుంది. చేరకముందు పెట్టిన షరతుకు చేరాక విలువ ఎంత? కొత్తగా వచ్చేవాడిని "నీ ఇంట్లో బలహీనుడి హక్కు కాపాడుతున్నావా?" అని అడిగే అధికారం లోపల ఉన్నవాడికి ఎక్కడి నుండి వచ్చింది? అసలు, ప్రవేశానికి రుసుముగా ఇచ్చిన హక్కును హక్కు అనవచ్చా? ఈ ప్రశ్నలు యూరప్ పత్రికల్లో చర్చించుకునేవి మాత్రమే అని అనుకునేవారు అనంతపురం జిల్లాలో ఎక్కడైనా ఒక చెట్టు కింద పదిమంది పెద్దవాళ్లు కూర్చున్నచోట కాసేపు ఆగి వినాలి. వేరే పేర్లతో ఈ ప్రశ్నలే వినిపిస్తాయి.

కొంతకాలం క్రితం కదిరి బస్టాండులో మా పక్కన కూర్చున్న ఒక పెద్దాయన ఇలాగే అన్నారు. నాలుగెకరాల వేరుశనగ రైతు. ఆ ఏడు విత్తనం కూడా తిరిగి రాలేదు. కొడుకు, కోడలు బెంగుళూరులో కట్టడం పనికి పోయారు. వాళ్ల పిల్లవాడు ఈయన దగ్గరే ఉన్నాడు. మాటల్లో నీళ్ల ప్రస్తావన వచ్చింది. "పెద్దమనుషులు మదరాసులో కూర్చొని రాసుకున్న్యారంట గదా సాయిబూ, మీకే ముందు నీళ్లని?" అని అడిగారు. అవును మామా, శ్రీబాగ్‌లో రాసుకున్నారు అన్నాము. ఆయన కొంచెంసేపు ఊరుకుని, "రాసినోళ్లు పెద్దోళ్లే. అడగాల్సినోళ్లమే ఆ కాగితంలో లేకపోతిమి" అన్నారు.

ఆ మాట మమ్మల్ని చాలా రోజులు వదలలేదు.

శ్రీబాగ్‌లో ఏం జరిగింది?

కొత్త తరం పాఠకుల కోసం కొంచెం వెనక్కి వెళ్లాలి. 1800 సంవత్సరంలో నిజాం ఈ ప్రాంతాన్ని ఆంగ్లేయులకు అప్పగించాడు. ప్రజలను అడగలేదు. అందుకే చాలాకాలం దీనికి దత్తమండలాలు అనే పేరు ఉండేది. ఇచ్చేసిన మండలాలు అని అర్థం. 1928లో నంద్యాలలో జరిగిన సభలో ఆ పేరు వద్దనుకుని రాయలసీమ అనే పేరు పెట్టుకున్నారు. అనంతపురం 1882లో బళ్లారి జిల్లా నుండి విడివడి సొంత జిల్లా అయింది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. ఆ వానైనా ఎప్పుడు పడుతుందో, ఎక్కడ పడుతుందో నమ్మకం లేదు.

తెలుగువారికి ప్రత్యేక రాష్ట్రం కావాలన్న ఉద్యమం సాగుతున్నప్పుడు సీమ నాయకులు ఒక అడుగు వెనకే నిలిచారు. వారి భయానికి కారణం లేకపోలేదు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వచ్చింది. అది ఎక్కడ ఉండాలన్న వాదులాట తర్వాత చివరికి వాల్తేరులో స్థిరపడింది. చదువులో, సంపదలో, నీళ్లలో ముందున్న కోస్తా జిల్లాలతో కలిస్తే తమ గతి ఏమిటని వారు అడిగారు. మదరాసు పాలన నుండి విముక్తి కోసం వెళ్లి మరొకరి పెత్తనం కింద పడతామా అన్నది వారి సందేహం.

1937 నవంబరు 16న మదరాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారి ఇల్లు శ్రీబాగ్‌లో రెండు వైపుల పెద్దలు కూర్చున్నారు. ఇటు నుండి కడప కోటిరెడ్డి, మన జిల్లా కల్లూరు సుబ్బారావు వంటివారు, అటు నుండి భోగరాజు పట్టాభి సీతారామయ్య, కొండా వెంకటప్పయ్య వంటివారు ఉన్నారు. ఒప్పందం కుదిరింది. వాల్తేరుతో పాటు అనంతపురంలో కూడా విశ్వవిద్యాలయ కేంద్రం ఉండాలి. తుంగభద్ర, కృష్ణా, పెన్నా నదుల నీటి విషయంలో పదేళ్లపాటు, అవసరమైతే ఇంకా ఎక్కువ కాలం, రాయలసీమకు, నెల్లూరుకు మొదటి ప్రాధాన్యం ఇవ్వాలి. శాసనసభ స్థానాలు జిల్లాల ప్రాతిపదికన సమానంగా ఉండాలి. రాజధాని, హైకోర్టుల్లో ఒకటి కోస్తాలో, ఒకటి సీమలో ఉండాలి, ఏది కావాలో ఎంచుకునే అవకాశం సీమకు ఉండాలి. ఉభయుల సమ్మతితో మాత్రమే ఈ షరతులను మార్చుకోవచ్చు.

ఇది మంచి ఒప్పందమే. చేరేవాడు తనంతట తాను షరతు పెట్టాడు, చేర్చుకునేవాడు ఒప్పుకున్నాడు. బలహీనుడి భయాన్ని బలవంతుడు విన్నాడు. ఇందులో మేము ఎవరి నిజాయితీనీ శంకించడం లేదు.

పదహారేళ్ల తర్వాత, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. కర్నూలు రాజధాని అయింది, హైకోర్టు గుంటూరుకు వెళ్లింది. అంతవరకు మాట నిలబడింది. కానీ ఆ ఏడే బళ్లారి మైసూరు రాష్ట్రానికి పోయింది. ఒప్పందంలో మొదట పేర్కొన్న తుంగభద్ర మీద కట్టిన ఆనకట్ట హొసపేట దగ్గర, కొత్త సరిహద్దుకు అవతల ఉండిపోయింది. మరో మూడేళ్లకు, 1956 నవంబరు 1న, హైదరాబాదు రాజధాని అయింది. హైకోర్టు కూడా అక్కడికే వెళ్లింది. ఎంచుకునే హక్కు ఉన్నవారు ఎంచుకున్నది మూడేళ్లు నిలిచింది. 1955 డిసెంబరులో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ కాలువలు సీమ వైపు రాలేదు.

తుంగభద్ర ఎగువ కాలువ ద్వారా మన జిల్లాకు నీళ్లు రాలేదని అనలేము. 32.5 టీఎంసీల వాటా కాగితం మీద ఉంది. జలాశయంలో పూడిక పేరుకుని, మొదట సుమారు 132 టీఎంసీలు పట్టేది ఇప్పుడు 105కు కొంచెం పైగా మాత్రమే పడుతోంది కనుక ఆ వాటా కూడా కుంచించుకుపోయింది. విశ్వవిద్యాలయ కేంద్రం 1968లో వచ్చింది, అంటే 31 ఏళ్ల తర్వాత. అది 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం అయింది. హంద్రీ-నీవా ద్వారా కృష్ణా నీళ్లు జీడిపల్లి జలాశయాన్ని తాకింది 2012లో. 1937లో శ్రీబాగ్ మాట విన్న పదేళ్ల పిల్లవాడికి అప్పటికి ఎనభై ఐదేళ్లు.

ఎందుకిలా జరిగింది? ఎవరో దుర్మార్గులు ఉండి మోసం చేశారని చెప్పడం తేలిక. మాకు అంత తేలికగా అనిపించదు. ఆ ఒప్పందం నాయకుల మధ్య కుదిరిన మాట. 1953 నాటి రాష్ట్ర చట్టంలో దానికి చోటు లేదు. సంతకం చేసినవారు ఒక్కొక్కరూ వెళ్లిపోయాక దాన్ని పట్టుకుని వెళ్లడానికి ఒక న్యాయస్థానం లేదు, ఒక గడువు లేదు, ఒక మధ్యవర్తి లేడు. గడప బయట పెట్టిన షరతు గడప బయటే ఉండిపోయింది.

తెలంగాణ విషయంలో కూడా దాదాపు ఇదే జరిగింది. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో పెద్దమనుషుల ఒప్పందం కుదిరింది. ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వారైతే ఉప ముఖ్యమంత్రి రెండో ప్రాంతం వారు ఉండాలన్నారు. మొదటి మంత్రివర్గంలోనే ఆ పదవి లేదు. ఆ ముఖ్యమంత్రి మన అనంతపురం జిల్లాలో పుట్టిన నీలం సంజీవరెడ్డి గారు. శ్రీబాగ్ మాట దక్కలేదని బాధపడిన సీమ నుండి వచ్చిన నాయకుడి కాలంలోనే ఇంకొకరికి ఇచ్చిన మాట అలా అయిందన్న విషయం మనం దాచుకోకూడదు. అన్యాయం అనుభవించినవాడు న్యాయం చేస్తాడన్న హామీ ఏదీ లేదు. 1969లో అక్కడ ఉద్యమం ఎగసింది. 2014 జూన్ 2న తెలంగాణ వేరు రాష్ట్రం అయింది.

ఒక తేడా మాత్రం గమనించదగ్గది. 1974లో రాజ్యాంగంలోకి ఎక్కిన 371-డి అధికరణం, దాని కింద 1974, 1975లలో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వులు స్థానికులకు చదువులో, ఉద్యోగాల్లో వాటా ఇచ్చాయి. వాటినీ ఉల్లంఘించారు. ఉల్లంఘించారు కనుకే 1985లో 610 జీవో ఇవ్వవలసి వచ్చింది. అయినా అడగడానికి ఒక చోటు ఉంది. కోర్టుకు వెళ్లి 'ఇదిగో కాగితం' అని చూపవచ్చు. శ్రీబాగ్ కాగితాన్ని చూపవలసిన బల్ల ఏదీ లేదు.

యూరప్ వాకిట్లో

ఇప్పుడు విశాల ప్రపంచం వైపు చూద్దాం. 1993 జూన్‌లో కోపెన్‌హేగన్‌లో యూరోపియన్ యూనియన్ నాయకులు ఒక తీర్మానం చేశారు. తమతో చేరదలచిన దేశంలో ప్రజాస్వామ్యం, చట్టబద్ధ పాలన, మానవ హక్కులు, అల్పసంఖ్యాకుల రక్షణ ఉండాలని షరతు పెట్టారు. శ్రీబాగ్‌లో చేరేవాడు షరతు పెట్టాడు. ఇక్కడ చేర్చుకునేవాడు పెట్టాడు. బలం ఎటు ఉందో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఈ షరతు వల్ల మేలు జరగలేదని అనడం అన్యాయం. టర్కీ 1987లో దరఖాస్తు పెట్టింది, 1999లో అభ్యర్థిగా గుర్తింపు పొందింది. 2002లో శాంతికాలంలో మరణశిక్షను రద్దు చేసింది, 2004లో పూర్తిగా తీసేసింది. 1999లో మరణశిక్ష పడిన కుర్దు నాయకుడు అబ్దుల్లా ఓజలాన్ శిక్ష 2002లో యావజ్జీవంగా మారింది. నిన్నటివరకు నిషేధంలో ఉన్న కుర్దు భాషలో ప్రసారాలకు, ప్రైవేటు తరగతులకు అనుమతి వచ్చింది. యూనియన్ వాకిలి తెరుచుకుంటుందన్న ఆశ లేకపోతే ఇవి ఇంత త్వరగా జరిగేవి కావు. ఉరికంబం తప్పినవాడికి ఆ తప్పించిన చేతి ఉద్దేశంతో పని లేదు.

కానీ ఇక్కడే మన ప్రశ్న తలెత్తుతుంది. ఆ హక్కు కుర్దు తల్లికి ఆమె మనిషి కనుక వచ్చిందా, బ్రస్సెల్స్‌తో బేరం కోసం వచ్చిందా? బేరం కోసం వచ్చినదైతే బేరం చెడిన రోజు ఏమవుతుంది? 2005 అక్టోబరు 3న మొదలైన చర్చలు ఏళ్ల తరబడి నత్తనడక నడిచి, 2018 నాటికి ఆగిపోయాయని యూనియనే ప్రకటించింది. వాకిలి మూసుకుంటున్న కొద్దీ లోపల సంస్కరణ చేసేవారి గొంతు కూడా తగ్గింది. అలాగని షరతు పెట్టడమే తప్పా? షరతు పెట్టి, అది నెరవేర్చినా లోపలికి రానిస్తామో లేదో తేల్చి చెప్పకపోవడం తప్పు అని మేము అనుకుంటాము. పని చేయించుకుని కూలి మాట దాటవేసే యజమాని వంటి పని అది.

రెండో చిక్కు కొలత కర్రది. ఇస్తాంబుల్‌లో వైద్యవిద్య చదివే ఒక విద్యార్థిని తల మీద వస్త్రం ధరించినందుకు పరీక్షకు రానివ్వలేదు. లేలా షాహిన్ అనే ఆమె స్ట్రాస్‌బర్గ్‌లోని యూరప్ మానవ హక్కుల న్యాయస్థానానికి వెళ్లింది. ఆ న్యాయస్థానం యూనియన్‌ది కాదు, కౌన్సిల్ ఆఫ్ యూరప్ అనే వేరే సంస్థది. కానీ హక్కులను కొలిచేటప్పుడు యూరప్ అంతా దాని తీర్పుల వైపే చూస్తుంది. 2005 నవంబరులో ఆ న్యాయస్థానం నిషేధాన్ని సమర్థించింది. కుర్దు భాష హక్కుల లెక్కలోకి వచ్చింది, ఆ అమ్మాయి తలగుడ్డ రాలేదు. ఏది హక్కో నిర్ణయించేవాడు తన అలవాట్లను కూడా హక్కుల జాబితాలో కలిపేసుకుంటాడని దీనివల్ల తెలుస్తుంది. ఇది యూరప్‌కే ఉన్న జబ్బు కాదు. మన చేతికి కొలత కర్ర వస్తే మనమూ అదే చేస్తాం.

మూడోది ఇంకా బరువైనది. కొత్తవారిని అల్పసంఖ్యాకులను రక్షించమన్నారు కదా, పాతవారి సంగతి ఏమిటి? అంతర్జాతీయ పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలో అల్పసంఖ్యాకుల గురించిన 27వ అధికరణం తనకు వర్తించదని ఫ్రాన్సు ముందే చెప్పుకుంది. తన గడ్డ మీద అందరూ పౌరులే తప్ప అల్పసంఖ్యాకులంటూ లేరని దాని వాదన. లోపల కూర్చున్నవాడికి లేని పరీక్ష బయట నిలబడినవాడికి పెట్టారు.

పరీక్ష రాసి లోపలికి వచ్చినవాడు తర్వాత పుస్తకం మూసేస్తే? హంగరీ, పోలండ్ 2004లో చేరాయి. న్యాయస్థానాల స్వతంత్రతకు ముప్పు వచ్చిందని 2017 డిసెంబరులో పోలండ్ మీద, ఆ విలువలన్నీ దెబ్బతింటున్నాయని 2018 సెప్టెంబరులో హంగరీ మీద ఏడో అధికరణం కింద చర్య మొదలుపెట్టారు. ఆ అధికరణం ప్రకారం దోషిగా తేల్చాలంటే మిగతా దేశాలన్నీ ఒక్క మాట మీద ఉండాలి. ఒకరికొకరు అడ్డుపడితే ఏమీ జరగదు. 2025 చివరి వరకు ఏ దేశమూ ఓటు హక్కు కోల్పోలేదు. పోలండ్ మీద చర్యను 2024 మేలో ముగించారు, అదీ అక్కడి ఓటర్లు 2023లో ప్రభుత్వాన్ని మార్చుకున్న తర్వాత. వెళ్లిపోయేవాడికి దారి ఉంది, బ్రిటన్ 2020 జనవరి 31న వెళ్లిపోయింది. వెళ్లగొట్టే దారి మాత్రం లేదు. చివరికి వారు కనుగొన్న మార్గం డబ్బు. 2021 జనవరి నుండి అమలులోకి వచ్చిన నిబంధన కింద 2022 డిసెంబరులో హంగరీకి రావలసిన నిధులు కొన్ని ఆపారు. మాట కంటే పైకం ఎక్కువ పని చేసింది. మన ఊళ్లలో బాకీదారుల అనుభవం కూడా అదే.

అయితే షరతులే లేకుండా చేర్చుకుంటే మంచిదా? ఆసియాన్ కూటమి అలాగే చేసింది. 1997లో సైనిక పాలనలో ఉన్న మయన్మార్‌ను చేర్చుకుంది. ఒకరి ఇంటి సంగతుల్లో మరొకరు తలదూర్చకూడదన్నది ఆ కూటమి పద్ధతి. 1982 నాటి పౌరసత్వ చట్టం రోహింగ్యాలను సొంత ఊళ్లలోనే పరాయివాళ్లను చేసి అప్పటికే పదిహేనేళ్లు అయింది. లోపలికి వస్తే మెల్లగా మారుతారు అన్నారు. 2017 ఆగస్టు తర్వాత ఏడు లక్షల మందికి పైగా రోహింగ్యాలు ప్రాణాలు అరచేత పట్టుకుని బంగ్లాదేశ్ చేరారు. పక్కింట్లో మంట లేస్తే అది వాళ్ల ఇంటి సంగతి అనడం మర్యాద అనిపించుకోదు. కొలత కర్ర వంకరగా ఉందని కొలవడమే మానేస్తే ఏమవుతుందో కాక్స్ బజార్ శిబిరాలు చెబుతాయి.

సంకెళ్లలో వచ్చిన యువకుడు

ఒడంబడికల గురించి మాట్లాడేటప్పుడు హుదైబియా గుర్తుకు రాక మానదు. హిజ్రీ 6వ సంవత్సరంలో దైవప్రవక్త ముహమ్మద్ (స), మక్కా ప్రతినిధి సుహైల్ బిన్ అమ్ర్‌ల మధ్య ఒప్పందం రాస్తున్నారు. మక్కా నుండి పారిపోయి వచ్చినవారిని తిరిగి అప్పగించాలన్నది ఒక షరతు. రాత ఇంకా పూర్తి కాలేదు. సుహైల్ సొంత కొడుకు అబూ జందల్ (రజి) కాళ్లకు సంకెళ్లతో ఈడ్చుకుంటూ అక్కడికి వచ్చి పడ్డాడు. ఇతన్ని వదిలేయమని దైవప్రవక్త (స) అడిగారు. సుహైల్ ఒప్పుకోలేదు. మాట ప్రకారం ఆ యువకుణ్ణి అప్పగించవలసి వచ్చింది. హజ్రత్ ఉమర్ (రజి) ఎంత తల్లడిల్లారో చరిత్ర గ్రంథాలు చదివిన పాఠకులకు తెలుసు.

ఈ సంఘటనను మనం సాధారణంగా మాట నిలుపుకోవడానికి ఉదాహరణగా చెబుతాము. అది నిజమే. కానీ దీన్ని అబూ జందల్ వైపు నుండి కూడా చూడాలి. పెద్దల ఒప్పందం ఎంత దూరదృష్టి గలదైనా దాని బరువు మొదట పడేది సంకెళ్లలో ఉన్నవాడి మీద. ఆ బరువు అక్కడున్నవారికి కనిపించింది, కలచివేసింది. సంతకం చేసినవారు అతని ముఖం చూసి ఓపిక పట్టమని చెప్పి పంపారు. తర్వాత అతను, అబూ బసీర్ (రజి) సముద్రతీరంలో చేరి ఖురైషుల వ్యాపార బిడారులకు అడ్డుపడటంతో, ఆ షరతు పెట్టినవారే దాన్ని తీసేయమని అడిగారు. వలస వచ్చిన స్త్రీలను మాత్రం తిరిగి పంపలేదు. ముమ్‌తహినా సూరాలో దానికి ఆజ్ఞ ఉంది. ఒప్పందపు మాటను గౌరవిస్తూనే దాని పరిధి ఎక్కడితో ఆగుతుందో కూడా చూశారన్నమాట.

ఇంకా ముందటి ఘటన ఒకటి ఉంది. జబీద్ నుండి సరుకు తెచ్చిన ఒక వర్తకుడికి మక్కాలో ఒక పెద్దమనిషి డబ్బు ఎగ్గొట్టాడు. అతను పరదేశి, అతని వైపు తెగ లేదు, ఒప్పందం లేదు. కొండెక్కి గట్టిగా మొర పెట్టుకున్నాడు. అప్పుడు అబ్దుల్లా బిన్ జుద్‌ఆన్ ఇంట్లో కొందరు కూడి, పీడితుడు మక్కావాడైనా బయటివాడైనా అతని వైపు నిలబడతామని ప్రమాణం చేశారు. అదే హిల్ఫుల్ ఫుజూల్. దైవప్రవక్త (స) అప్పటికి ప్రవక్త కాలేదు, యువకుడు. ఆ ప్రమాణంలో పాల్గొన్నారు. ఇస్లాం వచ్చాక కూడా అటువంటి దానికి పిలిస్తే వెళ్తానని చెప్పేవారు.

ఆ ప్రమాణంలో షరతు చేరేవాడి మీద కాదు, చేరినవారి మీదే ఉంది. ఫిర్యాదు తేవడానికి వర్తకుడు సభ్యుడు కానవసరం లేదు. యూరప్ షరతుకూ, శ్రీబాగ్ షరతుకూ లేనిది ఇదే. రెంటిలోనూ అడిగే అధికారం సంతకం చేసినవారిదే. ఎవరి పేరు మీద సంతకం జరిగిందో వారు వచ్చి అడగడానికి గుమ్మం లేదు.

కదిరి పెద్దాయన అన్నది కూడా ఇదే కదా.

శ్రీబాగ్ కాగితాన్ని ఈ కళ్లతో మళ్లీ చూడండి. నీళ్లు రాయలసీమకు అన్నారు. రాయలసీమలో ఎవరి పొలానికి? నీళ్లు వస్తే పారేది భూమి ఉన్నవాడి చేనుకు. కూలి చేసేవాడి మాట అందులో లేదు. చెరువు ఎండితే మైళ్ల దూరం బిందె మోసే ఆడవాళ్ల మాట లేదు. మడకశిర, రాయదుర్గం వైపు కన్నడం మాట్లాడే కుటుంబాలున్నాయి. కదిరిలో, హిందూపురంలో, గుంతకల్లులో ఉర్దూ మాట్లాడే ఇళ్లున్నాయి. తెలుగు రాష్ట్రం వస్తే వారి పిల్లల చదువు ఏమిటన్న ప్రశ్న కూడా అందులో లేదు. సంతకాలు చేసినవారిలో మహబూబ్ అలీ బేగ్ అన్న పేరు ఒకటి ఉంది. అయినా ఆ కాగితం ప్రాంతానికి, ప్రాంతానికి మధ్య కుదిరింది. మనిషికి, రాష్ట్రానికి మధ్య కాదు. 1956 ఒప్పందంలో ఉర్దూ మాట ఉంది కానీ తెలంగాణ పాలనలో ఐదేళ్ల వరకే. సీమలో ఉర్దూ మాట్లాడేవారు, రాష్ట్రమంతటా ఉర్దూ రెండో అధికార భాష కావడానికి 2022 దాకా ఆగారు.

భాషాప్రయుక్త రాష్ట్రాలు ఏర్పడిన ఏడాది, 1956లోనే, ఏడో సవరణ ద్వారా 350-ఎ, 350-బి అధికరణాలు రాజ్యాంగంలో చేరాయి. భాషాపరంగా అల్పసంఖ్యాకులైన పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో ఉండేలా చూడాలని ఒకటి, వారి రక్షణ సంగతి చూడడానికి ప్రత్యేక అధికారి ఉండాలని రెండోది చెబుతాయి. ఇది కొత్త రాష్ట్రాలకు కేంద్రం పెట్టిన షరతు వంటిదే. యూరప్ వాళ్లు ముప్పై ఏడేళ్ల తర్వాత కనుగొన్న సంగతి మన దేశం ముందే కనుగొంది. దాని అమలు ఎలా ఉందో ఏదైనా పల్లె ఉర్దూ పాఠశాలలో టీచరు ఖాళీ ఎన్నేళ్లుగా ఉందో కనుక్కుంటే తెలుస్తుంది.

షరతులు వద్దని మేము అనడం లేదు. బలవంతుల మధ్య కలయికలో బలహీనుడి పేరు ఒక్కసారైనా కాగితం ఎక్కేది ఆ షరతుల వల్లే. శ్రీబాగ్ లేకపోతే అనంతపురంలో 1968లో కూడా కేంద్రం వచ్చేదా అన్నది సందేహమే. ఎనభై ఏళ్ల తర్వాత కూడా సీమ బిడ్డలు నీళ్ల గురించి, హైకోర్టు గురించి అడుగుతున్నారంటే ఆ కాగితాన్ని పట్టుకునే. 2020లో కర్నూలును న్యాయ రాజధానిగా చేసే చట్టం వచ్చినప్పుడూ, 2021 నవంబరులో దాన్ని వెనక్కి తీసుకున్నప్పుడూ శ్రీబాగ్ పేరే వినిపించింది. చెల్లని బాకీ పత్రమైనా ఇంట్లో దాచుకుంటే ఒక రోజు అడగవచ్చు. కానీ అడగవలసినవాడు ఆ పత్రంలో తన పేరు చూసుకోగలగాలి. తీర్పు చెప్పేవాడు ఆ షరతుకు తానూ కట్టుబడి ఉండాలి. ఈ రెండూ లేని చోట హక్కు అనే మాట పెద్దల మధ్య మర్యాదగానే మిగులుతుంది.

ఆ రోజు కదిరి నుండి బస్సు ఆలస్యంగా బయలుదేరింది. పెద్దాయన మనవడి చేయి పట్టుకుని తనకల్లు వైపు వెళ్లే బస్సు ఎక్కారు. మేము ఇంటికి చేరేసరికి ఇషా నమాజు వేళ దాటింది. భోజనం చేశాక, ఎందుకో, పాత ట్రంకు పెట్టె దించి నికాహ్‌నామా వెతికాము. కాగితం మడతల దగ్గర చిరిగింది. మహర్ దగ్గర అంకె స్పష్టంగా ఉంది. చెల్లించినట్టు ఎక్కడా రాసి లేదు. మా ఇంటావిడను పిలిచి, ఇది నీకు ఇచ్చామా అని అడిగాము.

"ఇన్నేళ్లకు గుర్తొచ్చిందా?" అంది ఆమె.